పడవ కొనే ముందు నాణెంతో కొట్టి చూడాలి

నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కాబట్టి నా తెలుగులో ఒత్తులు, పొల్లులు అక్కడక్కడా తప్పితే క్షమించండి. "టెక్నికల్ విషయం ఏదైనా తెలుగులో వివరించు" అని మన క్లబ్ సీనియర్లు అడిగితే, అందరూ మెషిన్ లెర్నింగ్ గురించి రాస్తారని నేను పడవల గురించి రాస్తున్నా. నవ్వకండి. దీని వెనక మా ఇంట్లో జరిగిన నాలుగు లక్షల రూపాయల కథ ఉంది.

మాది వీరులపాడు. మా చుట్టూ మున్నేరు, వైరా, కట్టలేరు ఉన్నాయి. ఎండాకాలం వీటిలో గేదెలు నడిచి వెళ్తాయి, వానాకాలం బస్సులు ఆగిపోతాయి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ హైవే మీదికే నీళ్ళు వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయినా మా ఊళ్ళో పడవ ఉన్నవాళ్ళు తక్కువ. పడవ అంటే ఏంటో నాకు తెలిసింది మా అమ్మ పుట్టింట్లో, ముక్త్యాలలో. అక్కడ కృష్ణ దాటి మాదిపాడు వైపు వెళ్ళడానికి బల్లకట్టు ఉండేది. చిన్నప్పుడు మామయ్య బండి మీద కూర్చుని ఆ బల్లకట్టు ఎక్కేదాన్ని. మోటార్ సైకిళ్ళు, ట్రాక్టర్, గడ్డిమోపులు, పెళ్ళివాళ్ళు అందరూ ఒకే చెక్క మీద. నాకు ఎప్పుడూ భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఈ మధ్యే లెక్క వేసుకుని తెలుసుకున్నా. అది కూడా ఈ వ్యాసంలో ఉంది.

అసలు సంగతి

పోయిన ఏడాది మిర్చి డబ్బులు చేతికి వచ్చాక మామయ్య, ఆయన స్నేహితులు ఇద్దరు కలిసి ఒక పడవ కొందామనుకున్నారు. కార్తీకమాసంలో వేదాద్రి, ముక్త్యాల, పవిత్ర సంగమం వైపు జనం బాగా వస్తారు, వనభోజనాలకు తిప్పితే బాగుంటుందని వాళ్ళ ఆలోచన. తీరం వైపు ఒక ఊళ్ళో సెకండ్ హ్యాండ్ క్యాబిన్ క్రూజర్ అమ్మకానికి ఉందని తెలిసింది. 28 అడుగులు, ఫైబర్ బాడీ, విదేశీ బ్రాండ్. ఫోటోల్లో తెల్లగా, సినిమాల్లో హీరో పడవలా ఉంది. ఒక్కొక్కరి వాటా నాలుగు లక్షలు.

మామయ్య ఫోన్ చేసి, "కోడలు పిల్లా, నువ్వు కంప్యూటర్ చదువుతున్నావుగా, ఏ కంపెనీ మంచిదో నెట్‌లో చూసి చెప్పు" అన్నాడు. సరే అన్నాను. ఒక వారం రాత్రిళ్ళు కూర్చుని ఎక్సెల్ షీట్ తయారు చేశా. చాలా గర్వంగా కూడా అనిపించింది. ఆ షీట్ ఎక్కడ తప్పిందో చెప్పడమే ఈ వ్యాసం.

క్యాబిన్ క్రూజర్ అంటే ఏంటి?

ఇంజన్‌తో నడిచే పడవలో పడుకోవడానికి మంచం, చిన్న వంటగది, టాయిలెట్ ఉండి, అవన్నీ పైకప్పు ఉన్న గదిలో ఉంటే దాన్ని క్యాబిన్ క్రూజర్ అంటారు. సాధారణంగా 20 నుంచి 40 అడుగుల మధ్య ఉంటుంది. అంతకన్నా పెద్దదైతే యాట్ అని పిలవడం మొదలుపెడతారు.

మన దగ్గర ఇలాంటివి తక్కువ. విజయవాడ భవానీ ద్వీపం దగ్గర తిరిగే బోధిసిరి, హుస్సేన్ సాగర్‌లో భాగమతి, భగీరథి, నాగార్జునసాగర్ నుంచి కొండకు వెళ్ళే లాంచీలు, పాపికొండల లాంచీలు, ఇవన్నీ ప్రయాణికుల పడవలు. దిండి దగ్గర హౌస్‌బోట్‌లో మంచాలు ఉంటాయి కానీ అది నెమ్మదిగా కాలువలో తిరిగే ఇల్లు. క్యాబిన్ క్రూజర్ ఒక కుటుంబం తమ కోసం కొనుక్కునే వస్తువు, మన కారు లాగా. ఈ తేడా ముఖ్యం. ఆరుగురి కోసం డిజైన్ చేసిన వస్తువులో ముప్పై మందిని ఎక్కిస్తే బ్రాండ్ ఎంత గొప్పదైనా ఏమీ చేయలేదు.

బ్రాండ్ పేరు వెనక ఎవరున్నారు?

నా షీట్‌లో మొదటి కాలమ్ "బ్రాండ్". అందుకే కంపెనీల చరిత్ర చదివా. కొన్ని సరదా విషయాలు దొరికాయి.

అమెరికాలో సీ రే అనేది 1959లో మొదలైంది. సోఫాలు, లైట్లు, పాలిష్, అన్నీ బాగుంటాయని పేరు. బేలైనర్ 1957 నాటిది. మధ్యతరగతి వాళ్ళకు పడవ, ఇంజన్, ట్రైలర్ మూడూ కలిపి తక్కువ ధరకు ఒకే ప్యాకేజీగా అమ్మి ఎదిగింది. ఒకటి "ఖరీదు", ఇంకొకటి "చవక" అని అందరూ అంటారు. కానీ 1986లో బ్రన్స్‌విక్ అనే ఒకే కంపెనీ ఈ రెండింటినీ కొనేసింది. చాలా పడవల వెనక కనిపించే మెర్క్యురీ ఇంజన్లు కూడా దానివే. ఫ్రాన్స్‌లోనూ అంతే. బెనెటో 1884లో చేపల పడవలు కట్టే చిన్న యార్డుగా మొదలైంది. జానో 1957లో వచ్చింది. 1995 నుంచి రెండూ ఒకే గ్రూపు.

అంటే బ్రాండ్ అనేది చాలాసార్లు "ఏ ధరకు, ఎవరి కోసం కట్టారు" అని చెప్పే గుర్తు మాత్రమే. "ఎంత గట్టిగా కట్టారు" అనేది ఒక్కో మోడల్‌కి, ఒక్కో సంవత్సరానికి మారుతుంది. ఫోన్ల విషయంలో మనకి ఇది బాగా తెలుసు కదా, ఒకే కంపెనీ మూడు పేర్లతో అమ్ముతుంది. పడవ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

కట్టడంలో నిజంగా తేడా చూపించే బ్రాండ్లు కూడా ఉన్నాయి. బోస్టన్ వేలర్ అనే కంపెనీ 1958లో మొదలైంది. బయట ఒక ఫైబర్ పెంకు, లోపల ఒక పెంకు, మధ్యలో గట్టిపడే ఫోమ్ నింపుతారు. 1961లో లైఫ్ పత్రిక కోసం ఆ కంపెనీ యజమాని పడవలో కూర్చుని ఉండగానే దాన్ని రంపంతో అడ్డంగా రెండు ముక్కలు కోయించాడు. రెండు ముక్కలూ తేలాయి. పడవకి చిల్లు పడినా మునగకుండా ఉండటం ఎలాగో అర్థం కావాలంటే ఆ ఫోటో చాలు. ఇంకోవైపు నెదర్లాండ్స్‌లో 1949 నుంచి ఉన్న లిన్సెన్ అనే యార్డు స్టీల్‌తో క్రూజర్లు కడుతుంది. వాళ్ళకి నదులు, కాలువలు ఎక్కువ. గట్టుకి రాసుకున్నా, రాయి తగిలినా స్టీల్ సొట్ట పడుతుంది గాని పగలదు. వేగం అక్కర్లేదు కాబట్టి బరువు ఇబ్బంది కాదు. కృష్ణకి ఏది దగ్గరగా ఉంది? సముద్రంలో దూసుకుపోయే తెల్ల ఫైబర్ పడవా, నెమ్మదిగా నడిచే స్టీల్ పడవా? ఈ ప్రశ్న నా షీట్‌లో ఎక్కడా లేదు.

ఏ నీళ్ళ కోసం కట్టారు?

యూరప్‌లో అమ్మే పడవలకి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు ఉంటాయి. ఎ మహాసముద్రానికి, బి తీరానికి దూరంగా 4 మీటర్ల దాకా అలలకి, సి తీరం దగ్గర, పెద్ద చెరువుల్లో 2 మీటర్ల దాకా అలలకి, డి చిన్న అలలుండే చెరువులకి, కాలువలకి. పడవ లోపల ఒక చిన్న ప్లేట్ మీద ఈ అక్షరం, ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు మోయొచ్చు అని రాసి ఉంటుంది. తమాషా ఏంటంటే కొన్ని పడవలకి ఒకే ప్లేట్ మీద రెండు తరగతులు ఉంటాయి. బి అయితే తక్కువ మంది, సి అయితే ఇంకొంచెం ఎక్కువ మంది. అంటే కెపాసిటీ అనేది స్థిరమైన అంకె కాదు, నీటిని బట్టి మారే ఫంక్షన్.

మన దేశంలో 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది. దీని ప్రకారం కూడా నదుల్ని అలల ఎత్తుని బట్టి జోన్లుగా విడదీస్తారు. పడవకి సర్వే చేయించాలి, రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, నడిపేవాళ్ళకి సర్టిఫికెట్ ఉండాలి. ఇవి లేని పడవ ఎంత చవగ్గా వచ్చినా అది చవక కాదు. ఆ ఖర్చు ముందు ఉందన్నమాట.

ఇంకో విషయం, లోతు. సముద్రపు క్రూజర్ల అడుగు భాగం ఇంగ్లిష్ వి ఆకారంలో ఉంటుంది. అలల్ని కోసుకుంటూ వేగంగా పోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ ఆ ఆకారానికి ఎక్కువ ఇంజన్ బలం కావాలి, ఎక్కువ లోతు కావాలి. కృష్ణలో నీళ్ళు తగ్గినప్పుడు ఇసుక మేటలు బయటపడతాయి. గంటకి పది కిలోమీటర్ల వేగంతో గుడి చూపించడానికి వెళ్ళే పడవకి ఆ వి ఆకారం వల్ల వచ్చేది పెట్రోల్ బిల్లు ఒక్కటే.

నాణెం పరీక్ష

పడవ చూడటానికి మేం నలుగురం వెళ్ళాం. మామయ్య, ఆయన స్నేహితుడు, నేను, ఇంకా ముక్త్యాల రేవులో ఒకప్పుడు బల్లకట్టు పడవలకి మరమ్మతులు చేసిన ఒక పెద్దాయన. ఆయనకి చదువు లేదు. నేను ట్యాబ్‌లో షీట్ పట్టుకుని వెళ్ళా. ఆయన జేబులో పది రూపాయల బిళ్ళ పెట్టుకుని వచ్చాడు.

అమ్మేవాళ్ళు లోపలికి పిలిచి మంచాలు, ఫ్రిజ్, మ్యూజిక్ సిస్టమ్ చూపించారు. మామయ్య సోఫాలో కూర్చుని ఫోటో దిగాడు. పెద్దాయన లోపలికి రాలేదు. వెనక్కి వెళ్ళి, ఇంజన్ బిగించి ఉన్న గోడని నాణెంతో కొట్టడం మొదలుపెట్టాడు. పైన టక్ టక్ అని గట్టిగా వినిపించింది. కిందికి వచ్చేకొద్దీ డబ్ డబ్ అని మెత్తగా వచ్చింది.

"విన్నావా అమ్మాయ్? లోపల చెక్క కుళ్ళింది" అన్నాడు.

"ఇది ఫైబర్ కదా తాతా, చెక్క ఎక్కడిది?" అన్నా.

"ఇంజన్ బరువు ఉత్త ఫైబర్ ఎట్టా మోస్తది? లోపల చెక్క పెడతారు" అన్నాడు.

ఇంటికొచ్చాక చదివితే ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. ఆ వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. చాలా పాత పడవల్లో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టేవాళ్ళు. అడుగున పొడవునా ఉండే దూలాలు, వాటిని స్ట్రింగర్లు అంటారు, అవీ చెక్కతోనే చేసి పైన ఫైబర్ చుట్టేవాళ్ళు. ఎక్కడైనా స్క్రూ వేసిన చోట సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే నీళ్ళు చుక్క చుక్కగా లోపలికి దిగుతాయి. చెక్క కుళ్ళుతుంది. పైన ఫైబర్ మాత్రం కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. ఒకరోజు ఇంజన్ ఫుల్ త్రాటిల్ ఇస్తే ఆ గోడ విరిగి రావచ్చు. ఇప్పుడు చాలా కంపెనీలు చెక్క మానేసి కుళ్ళని కాంపోజిట్ వాడుతున్నాయి. పడవ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, "ట్రాన్సమ్, స్ట్రింగర్లు దేనితో చేశారు?"

ఇంకా ఆయన చూసినవి, నేను తర్వాత చదివి అర్థం చేసుకున్నవి ఇవి.

పైన మెరిసే పొరని జెల్‌కోట్ అంటారు. దాని మీద నక్షత్రం ఆకారంలో సన్న చీలికలు ఉంటే అక్కడ దెబ్బ తగిలిందని లేదా కింద బలం చాలక వంగుతోందని అర్థం. తాడు కట్టే కొక్కేల చుట్టూ తప్పకుండా చూడాలి. నీటిలో ఉండే భాగం మీద బొబ్బలు ఉంటే ఫైబర్‌లోకి నీరు చేరిందన్నమాట.

ఫైబర్‌ని ఎలా వేశారో కూడా ముఖ్యం. ఒక గన్‌తో ముక్కలు ముక్కలుగా పిచికారీ చేయడం చవకైన పద్ధతి, మందం అన్నిచోట్లా ఒకేలా రావడం కష్టం. బట్టలా ఉన్న షీట్లని చేత్తో పరిచి రెసిన్ పూయడం ఇంకో పద్ధతి. వ్యాక్యూమ్‌తో రెసిన్‌ని లోపలికి లాగడం ఖరీదైనది, బరువు తక్కువ, బలం ఎక్కువ. ఎక్కువ మందం అంటే ఎక్కువ బలం అని మనం అనుకుంటాం. రెసిన్ ఎక్కువైతే మందం పెరుగుతుంది గాని పెళుసుగా తయారవుతుంది. బలం ఇచ్చేది గాజు దారం. రెసిన్ పని దాన్ని పట్టి ఉంచడం.

పైకి కనపడని చోట ఎంత శుభ్రంగా చేశారో చూడాలి. సీటు కింద మూత తెరిచి వైర్లు ఎలా కట్టారో చూస్తే చాలు. ఉప్పునీటిలో తిరిగే పడవకి తగరం పూత ఉన్న రాగి వైరు, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ వాడాలి. ఆ పడవలో ఇంటికి వాడే మామూలు వైరు ఉంది, జాయింట్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది.

చివరగా నేను కూడా ఒక పని చేశా. పడవ వెనక కుడివైపు ఛాసిస్ నంబర్ లాంటిది చెక్కి ఉంటుంది. అమెరికా పద్ధతిలో అది 12 అక్షరాలు, అంకెలు. మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాళ్ళు 2015 పడవ అన్నారు. నంబర్ చివర 06 ఉంది. ట్యాబ్‌తో చేసిన పనికొచ్చే పని ఆ రోజు అదొక్కటే.

బల్లకట్టు ఎందుకు భయపెట్టలేదు?

ఇప్పుడు కొంచెం లెక్క. ఇంటర్‌లో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం చాలు.

పడవని ఒక పెట్టె అనుకుందాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు, నీటిలో మునిగింది 0.4 మీటర్లు. పక్కకి తోసిన నీరు 8 × 2.5 × 0.4 = 8 ఘనపు మీటర్లు. అంటే పడవ, మనుషులు కలిపి 8 టన్నులు.

పడవ ఒరిగినప్పుడు తిరిగి నిలబడుతుందా లేదా అని చెప్పే ఒక బిందువు ఉంది, దాన్ని మెటాసెంటర్ అంటారు. మొత్తం బరువు కేంద్రం దీనికన్నా కింద ఉంటే పడవ మళ్ళీ నిలబడుతుంది. పైకి వెళ్తే పడిపోతుంది. పెట్టె ఆకారానికి ఫార్ములా చాలా చిన్నది. అడుగు నుంచి మెటాసెంటర్ ఎత్తు అంటే, మునిగిన లోతులో సగం, దానికి వెడల్పు వర్గాన్ని 12 × లోతుతో భాగించి కలపాలి.

మన పెట్టెకి 0.2 + 6.25/4.8, అంటే సుమారు 1.5 మీటర్లు. అదే లోతుతో వెడల్పు 4 మీటర్లు ఉన్న బల్లకట్టుకి 0.2 + 16/4.8, అంటే సుమారు 3.5 మీటర్లు. వెడల్పు ఒకటిన్నర రెట్లు పెరిగితే మెటాసెంటర్ రెండు రెట్ల కన్నా పైకి పోయింది. వెడల్పుకి వర్గం ఉంది కాబట్టి. చూడటానికి మొరటుగా ఉన్న బల్లకట్టు మీద ట్రాక్టర్ ఎక్కినా నాకు ఎందుకు భయం వేయలేదో ఇదే సమాధానం.

ఇప్పుడు మన 2.5 మీటర్ల పడవలో 30 మంది ఉన్నారనుకుందాం, మొత్తం 2.1 టన్నులు. ఖాళీ పడవ 5.9 టన్నులు, దాని బరువు కేంద్రం అడుగు నుంచి 0.9 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 30 మందీ కింద కూర్చుంటే వాళ్ళ బరువు 1 మీటరు ఎత్తులో ఉంటుంది. మొత్తం కేంద్రం 0.93 మీటర్ల దగ్గర. మెటాసెంటర్ కన్నా 58 సెంటీమీటర్లు కింద ఉంది, మంచిదే. సగం మంది పై డెక్ మీదికి వెళ్ళి నిలబడితే వాళ్ళ బరువు 3.2 మీటర్ల ఎత్తుకి పోతుంది. తేడా 29 సెంటీమీటర్లకి పడిపోతుంది. అందరూ పైకెక్కితే తేడా దాదాపు సున్నా.

అదే పడవ, అదే మనుషులు, అదే బరువు. ఒక్క కిలో కూడా పెరగలేదు. సెల్ఫీ కోసం పైకి ఎక్కారు, అంతే. ఆపైన అందరూ ఒకవైపుకి జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నిజమైన పడవలు పెట్టెలు కావు, నిజమైన లెక్క ఇంకా పెద్దది. కానీ "ఎంతమంది ఎక్కొచ్చు" అనే ప్రశ్నతో పాటు "ఎక్కడ కూర్చోవాలి" అనే ప్రశ్న కూడా అడగాలని ఈ చిన్న లెక్కే చెప్తోంది.

2017 నవంబరు 12, కార్తీకమాసంలో ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం చూడటానికి వెళ్తున్న పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వైపు వాళ్ళు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని దాన్ని బయటికి లాగలేకపోయింది. ఈ ప్రమాదాలకి నా లెక్కే కారణం అనడం లేదు, ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. కానీ మామయ్య వాళ్ళు పడవ తిప్పుదామనుకున్నది కూడా కార్తీకమాసంలోనే, ఆ సంగమం వైపే.

నా షీట్‌లో బగ్

నా షీట్‌లో ఐదు అంశాలు ఉన్నాయి. ధరకి 30 మార్కులు, సౌకర్యానికి 20, బ్రాండ్‌కి 20, ఇంజన్‌కి 20, బాడీ భద్రతకి 10. మూడు పడవల్ని పోల్చా. ఆ విదేశీ క్రూజర్, స్థానికంగా కట్టే కొత్త ఫైబర్ పడవ, పాత స్టీల్ లాంచీ. పదికి విదేశీ క్రూజర్‌కి 7.5, కొత్త ఫైబర్ పడవకి 6.4, స్టీల్ లాంచీకి 5.4 వచ్చాయి.

నాణెం పరీక్ష తర్వాత ఇంటికొచ్చి క్రూజర్ భద్రత మార్కుని 7 నుంచి 2కి తగ్గించా. మొత్తం 7.0 అయింది. ఇంకా అదే ఫస్ట్!

ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నా. వెనక గోడ కుళ్ళిన పడవ, మెత్తటి సోఫా వల్ల ఫస్ట్ వస్తోంది. ఫార్ములా తప్పు కాదు, కూడిక కరెక్టే. తప్పు ఎక్కడంటే, కూడకూడని దాన్ని కూడటం. ఫ్రిజ్‌కి వచ్చిన మార్కులు ట్రాన్సమ్‌కి పోయిన మార్కుల్ని పూడ్చలేవు. మన భాషలో చెప్పాలంటే భద్రత అనేది వెయిట్ కాదు, కండిషన్. ముందు ఇఫ్ స్టేట్‌మెంట్ రాయాలి. బాడీ గట్టిగా ఉందా, స్థిరత్వం ఉందా, కాగితాలు ఉన్నాయా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఫాల్స్ అయినా అక్కడే ఆపేయాలి. మూడూ ట్రూ అయితేనే ధర, సౌకర్యం, బ్రాండ్ లెక్కల్లోకి వెళ్ళాలి.

ఇంకో బగ్, ధర కాలమ్. నేను కొనే ధర మాత్రమే వేశా. ట్రాన్సమ్ మరమ్మతు, వైరింగ్ మార్పు, సర్వే, ఇన్సూరెన్స్, ఏటా సర్వీసు, విదేశీ ఇంజన్ పార్టు కోసం నెలల తరబడి ఎదురుచూడటం, చివరికి అమ్మితే ఎంత వస్తుంది, ఇవేవీ లేవు. కార్తీకమాసం ముప్పై రోజులే. ఒక పంపు కోసం ఇరవై రోజులు ఆగితే ఆ ఏడాది అయిపోయినట్టే. విజయవాడలో మెకానిక్, స్పేర్ పార్టు దొరికే మామూలు ఇంజన్ మన వాళ్ళకి ఎక్కువ "వాల్యూ".

కట్టి ఉంచడం కూడా ఖర్చే. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన బరువైన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్ది దెబ్బతీశాయి. గట్టి పడవ అయినంత మాత్రాన సరిపోదు, దాన్ని గట్టిగా కట్టే చోటు కూడా లెక్కలో ఉండాలి.

మీరు ఎప్పుడైనా పడవ కొంటే, లేదా ఎక్కితే

కొనేవాళ్ళు ఈ వరుసలో చూడండి.

1. ప్లేట్, నంబర్. ఏ సంవత్సరం, ఏ నీళ్ళకి, ఎంతమందికి.
2. ట్రాన్సమ్, దూలాలు, అడుగు. నాణెంతో, చిన్న సుత్తితో కొట్టి వినండి. శబ్దం ఎక్కడ మారుతుందో అక్కడ ఆగండి.
3. నీటిలో పెట్టి నడిపి చూడండి. ఒడ్డు మీద అన్ని పడవలూ మంచివే. తిరిగొచ్చాక అడుగు మూత తెరిచి నీళ్ళు చేరాయేమో చూడండి.
4. ఇంజన్ ఎన్ని గంటలు నడిచింది, పార్టులు ఎక్కడ దొరుకుతాయి.
5. రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్.
6. వీటన్నిటి తర్వాత బ్రాండ్. సోఫా అన్నిటికన్నా చివర.

ఎక్కేవాళ్ళకి రెండే మాటలు. లైఫ్ జాకెట్ ఇస్తే సీటు కింద పెట్టకుండా వేసుకోండి. పై డెక్ నిండిపోతే మీరు కింద కూర్చోండి.

తర్వాత ఏమైంది?

మామయ్య వాళ్ళు ఆ పడవ కొనలేదు. అప్పటికే ఇచ్చిన ఇరవై వేల అడ్వాన్స్ తిరిగి రాలేదు. స్నేహితుల్లో ఒకాయన "పిల్ల మాట, ముసలాయన మాట విని మంచి బేరం పోగొట్టుకున్నాం" అని మామయ్యతో నెల రోజులు మాట్లాడలేదు. మామయ్య కూడా నాతో కొంచెం ముభావంగానే ఉన్నాడు. కార్తీకమాసంలో ఫోన్ చేసి, "రేవులో జనం ఎట్టా ఉన్నారో తెలుసా, ఈ ఏడు పడవ ఉండుంటే..." అని ఆపేశాడు. నాకు బాధేసింది. ఆ పడవ వేరే ఎవరైనా కొని తిప్పి ఉంటే, ఏమీ జరగకపోయి ఉంటే, నేను తప్పయినట్టేగా? ఈ ప్రశ్న చాలా రోజులు తిరిగింది. చివరికి నాకు నేను చెప్పుకున్నది ఇదీ: జరగని ప్రమాదం ఏ షీట్‌లోనూ కనపడదు. అందుకని దాన్ని సున్నా అని రాయకూడదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మామయ్యే షీట్ చూపించమన్నాడు. కొత్త షీట్ చూపించా. మొదటి మూడు కాలమ్‌లలో మార్కులు లేవు, అవును, కాదు అని మాత్రమే ఉంది. ఈసారి ఆ పెద్దాయన పరీక్షకి కూడా ఒక కాలమ్ పెట్టా. మామయ్య చూసి, "ఈ పది రూపాయల బిళ్ళ కాలమ్ ముందుకి జరుపు కోడలా" అన్నాడు.

జరిపా.

ఎవరికైనా ఆ షీట్ కావాలంటే క్లబ్ మీటింగ్‌లో అడగండి, ఇస్తాను. మెకానికల్ వాళ్ళు నా మెటాసెంటర్ లెక్కలో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.